రిమోట్ నెట్‌వర్క్ ప్రవేశంలో డైరెక్టరీ గ్రూపులు

సంస్థ నెట్‌వర్క్‌లోకి బయటి నుంచి వచ్చేవారిని లోపలికి రానివ్వాలా వద్దా, రానిస్తే ఎంతవరకు రానివ్వాలి అన్నది ఆ సంస్థ డైరెక్టరీలోని యూజర్ గ్రూపులను బట్టి తేల్చే పద్ధతి ఇది. ఇంటి నుంచి వీపీఎన్ కలుపుకునే ఉద్యోగికీ, క్యాంపస్ వైఫై వాడే విద్యార్థికీ, రాత్రి పూట రౌటర్‌లోకి లాగిన్ అయ్యే ఇంజనీరుకూ ఇదే పద్ధతి వర్తిస్తుంది. ఇందులో మూడు భాగాలుంటాయి. ఖాతాలు, గ్రూపులు దాచుకునే డైరెక్టరీ మొదటిది. పాస్‌వర్డునో సర్టిఫికెట్‌నో సరిచూసి అవునో కాదో చెప్పే ధ్రువీకరణ సర్వర్ రెండోది. గుమ్మం దగ్గర నిలబడే వీపీఎన్ గేట్‌వే, స్విచ్, వైఫై కంట్రోలర్ వంటి పరికరం మూడోది. గ్రూపు పుట్టేది మొదటి చోట, అమలయ్యేది మూడో చోట. మధ్యలో కబురు మోసే రేడియస్ ప్రోటోకాల్‌కు గ్రూపు అంటే ఏమిటో తెలియదు. ఈ రంగంలో అడ్మిన్లను సతాయించే చిక్కులు చాలా వరకు ఈ ఒక్క సంగతి నుంచే వచ్చాయి.

ధ్రువీకరణ వేరు, అనుమతి వేరు. వచ్చింది ఫలానా మనిషే అని తేల్చడం మొదటిది. ఆ మనిషి ఏ గదిలోకి వెళ్లవచ్చో చెప్పడం రెండోది. మొదటి పనికి పాస్‌వర్డ్, ఓటీపీ, సర్టిఫికెట్ వంటి సాధనాలు ఏటేటా మెరుగవుతూ వచ్చాయి. రెండో పని మాత్రం ఇప్పటికీ ఎక్కువగా గ్రూపు సభ్యత్వం మీదే నడుస్తోంది. సంస్థలు డబ్బూ శ్రద్ధా మొదటిదాని మీద పెట్టి, రెండోదాన్ని ఎప్పుడో చేరిన పేర్ల జాబితాలకు వదిలేయడం మామూలు.

డయలప్ నుంచి డైరెక్టరీ దాకా

రేడియస్ పుట్టింది టెలిఫోన్ మోడెమ్‌ల కాలంలో. అమెరికాలోని మిషిగన్ రాష్ట్రానికి చెందిన మెరిట్ నెట్‌వర్క్, డయలప్ యూజర్లను ఒకేచోట సరిచూసే ఏర్పాటు కావాలని 1991లో అడిగితే, లివింగ్‌స్టన్ ఎంటర్‌ప్రైజెస్ అనే కంపెనీ ఇచ్చిన జవాబు ఇది. 1997 జనవరిలో ఆర్‌ఎఫ్‌సీ 2058గా అచ్చయింది. ఈనాటికీ ఆధారంగా ఉన్న రూపం 2000 జూన్ నాటి ఆర్‌ఎఫ్‌సీ 2865. దాని లెక్కల భాగం, అంటే ఎవరు ఎప్పుడు వచ్చారు, ఎంతసేపు ఉన్నారు అన్నది రాసుకునే భాగం, ఆర్‌ఎఫ్‌సీ 2866లో ఉంది. ధ్రువీకరణకు యూడీపీ 1812 పోర్టు, లెక్కలకు 1813. పాత పరికరాల్లో 1645, 1646 ఇంకా కనిపిస్తుంటాయి.

డైరెక్టరీ కథ ఇంకో దారిలో వచ్చింది. టెలికాం సంస్థలు 1988లో ఎక్స్.500 అనే బృహత్తర ప్రమాణాన్ని తయారుచేశాయి. అది ఎంత బరువైనదంటే మామూలు డెస్క్‌టాప్ మీద నడిపించడం గగనం. దాన్ని తేలిక చేయడానికి మిషిగన్ విశ్వవిద్యాలయంలో టిమ్ హోవ్స్, ఆయనతోపాటు స్టీవ్ కిల్లే, వెంగ్యిక్ యోంగ్ రూపొందించిందే ఎల్‌డాప్. 1993 జులైలో ఆర్‌ఎఫ్‌సీ 1487గా వచ్చింది. మూడో వెర్షన్ 1997 డిసెంబరులో, దాని సవరించిన రూపం 2006లో వెలువడ్డాయి. రేడియస్ కావాలన్న మెరిట్, ఎల్‌డాప్ పుట్టిన విశ్వవిద్యాలయం రెండూ ఆన్ ఆర్బర్ పట్టణంలోవే. అయినా ఈ రెండు ప్రోటోకాళ్లూ ఒకదాన్ని చూసి ఒకటి కట్టినవి కావు. ఆ రెంటినీ కలిపి కుట్టే పని తర్వాత వచ్చిన సాఫ్ట్‌వేర్ల నెత్తిన పడింది.

మొదట్లో అనుమతి గ్రూపుకు ఉండేది కాదు, మనిషికి ఉండేది. విండోస్ ఎన్‌టీ 4.0లో డయల్-ఇన్ అనుమతి ప్రతి యూజర్ ఖాతాలో ఒక టిక్కు. వెయ్యిమంది ఉంటే వెయ్యి టిక్కులు. ఎవరికి ఉంది, ఎవరికి లేదు అని ఒక్కచూపులో చెప్పే జాబితా ఎక్కడా ఉండదు. 2000 ఫిబ్రవరిలో విండోస్ 2000తో యాక్టివ్ డైరెక్టరీ వచ్చాక, ఖాతాలోని ఆ టిక్కుకు ‘విధానం ప్రకారం నిర్ణయించు’ అనే మూడో ఎంపిక తోడైంది. అప్పటి నుంచి అడ్మిన్ ‘ఈ గ్రూపువాళ్లకు అనుమతి’ అని ఒక్క నియమం రాస్తే చాలు. పాత టిక్కు మాత్రం పోలేదు. ఖాతాలో ‘నిరాకరించు’ అని ఉంటే గ్రూపు ఏం చెప్పినా మైక్రోసాఫ్ట్ రేడియస్ సర్వర్ మామూలు అమరికలో వద్దంటుంది; లాగ్‌లో 65 అనే కారణ సంఖ్య కనిపిస్తుంది. దశాబ్దాల నాటి ఈ గుర్తు ఇవాళ్టికీ హెల్ప్‌డెస్క్ టికెట్లు పుట్టిస్తూనే ఉంది.

సభ్యత్వం ఎక్కడ రాసి ఉంటుంది

గ్రూపు అంటే డైరెక్టరీలో ఒక నమోదు. అందులో ‘మెంబర్’ అనే గుణం కింద సభ్యుల పూర్తి పేర్లు, అంటే డైరెక్టరీ చెట్టులో వాళ్లున్న చోటుతో సహా, వరుసగా ఉంటాయి. యాక్టివ్ డైరెక్టరీలో ఇదే సమాచారం మనిషి వైపు నుంచి కూడా ‘మెంబర్‌ఆఫ్’ అనే పేరుతో కనిపిస్తుంది. ఒకే భూమి వివరం సర్వే నంబరు వారీగా అడంగల్‌లోనూ, రైతు వారీగా వన్-బిలోనూ ఉన్నట్టే ఇదీ. ఒక తేడా ఉంది: ఇక్కడ అడ్మిన్ రాసేది గ్రూపు వైపు జాబితాను మాత్రమే, రెండోది దాన్నుంచి లెక్కగట్టి చూపేది. అందుకే యూజర్ ఖాతాలోని మెంబర్‌ఆఫ్‌ను స్క్రిప్టుతో నేరుగా మార్చబోతే సర్వర్ ఒప్పుకోదు.

ఇతర డైరెక్టరీల్లో ఈ సౌకర్యం అడగకుండా రాదు. ఓపెన్‌ఎల్‌డాప్‌లో మెంబర్‌ఆఫ్ కావాలంటే దానికోసం ఒక అదనపు పొరను జతచేయాలి. జతచేసిన తర్వాత మారిన సభ్యత్వాలకే అది పనిచేస్తుంది. అప్పటికే ఉన్న గ్రూపుల సభ్యులకు మెంబర్‌ఆఫ్ ఖాళీగా కనిపిస్తుంది, వాళ్లకు వీపీఎన్ అందదు, కొత్తవాళ్లకు అందుతుంది. కారణం తెలియనివాళ్లు రోజుల తరబడి పాస్‌వర్డులు మారుస్తూ కూర్చుంటారు. ఇంకో విడ్డూరం: ప్రామాణిక ‘గ్రూప్‌ఆఫ్‌నేమ్స్’ తరగతి ప్రకారం గ్రూపులో కనీసం ఒక్క సభ్యుడైనా ఉండి తీరాలి. ఖాళీ గ్రూపు పెట్టుకోవాలంటే ఒక ఉత్తుత్తి సభ్యుడిని చేర్చక తప్పదు.

యూనిక్స్ సంప్రదాయం మరోలా ఉంది. 1998 నాటి ఆర్‌ఎఫ్‌సీ 2307లోని ‘పోసిక్స్‌గ్రూప్’లో సభ్యుల పూర్తి చిరునామా ఉండదు, లాగిన్ పేరు మాత్రమే ఉంటుంది. చదవడానికి తేలికే. కానీ ఆ పేరు నిజంగా ఏదైనా ఖాతాదా కాదా అని డైరెక్టరీ చూసుకోదు. ఉద్యోగి వెళ్లిపోయి ఖాతా చెరిగినా గ్రూపులో పేరు మిగిలే ఉంటుంది. ఆర్నెల్ల తర్వాత అదే లాగిన్ పేరుతో ఇంకొకరు చేరితే, పాతవాడి అనుమతులన్నీ అడగకుండానే కొత్తవాడికి సంక్రమిస్తాయి.

గ్రూపులో గ్రూపును పెట్టడం అసలు తలనొప్పి. హైదరాబాద్ ఇంజనీర్ల గ్రూపును మొత్తం ఇంజనీర్ల గ్రూపులో, దాన్ని వీపీఎన్ గ్రూపులో పెట్టడం అడ్మిన్‌కు సుఖం. మైక్రోసాఫ్ట్ స్వయంగా ఏళ్లపాటు నేర్పిన పద్ధతి కూడా ఇలాంటిదే: మనుషుల్ని గ్లోబల్ గ్రూపుల్లో, వాటిని డొమైన్ లోకల్ గ్రూపుల్లో పెట్టి, అనుమతులు చివరిదానికి ఇవ్వాలి. అయితే మెంబర్‌ఆఫ్‌లో కనిపించేది నేరు సభ్యత్వమే. లోపలి గ్రూపుల గుండా వచ్చేది కనిపించదు. యూజర్ ‘ప్రాథమిక గ్రూపు’ కూడా, మామూలుగా డొమైన్ యూజర్స్, అందులో ఉండదు. వీపీఎన్ పరికరం నేరుగా ఎల్‌డాప్‌తో అడిగితే ‘ఈయన ఆ గ్రూపులో లేడు’ అనే జవాబు వస్తుంది. యాక్టివ్ డైరెక్టరీలో గొలుసు మొత్తం వెతికే ప్రత్యేక పోలిక నియమం ఉంది. దాని గుర్తింపు సంఖ్య 1.2.840.113556.1.4.1941. వెతుకులాట వాక్యంలో దీన్ని ఇరికిస్తే లోపలి సభ్యత్వాలూ బయటపడతాయి, పెద్ద డైరెక్టరీల్లో కాస్త నెమ్మదిగా. విండోస్ సర్వర్ తానే లాగిన్ చేయించినప్పుడు ఈ బాధ ఉండదు. యూజర్ టోకెన్‌లో లోపలి గ్రూపులన్నీ ముందే విప్పి ఉంటాయి.

పరిమాణానికీ హద్దులున్నాయి. విండోస్ 2000లో గ్రూపు సభ్యుల జాబితా మొత్తం ఒకే ముక్కగా ఒక సర్వర్ నుంచి ఇంకో సర్వర్‌కు నకలయ్యేది. అందువల్ల గ్రూపుకు 5,000 మందికి మించవద్దని సలహా ఇచ్చేవారు. దానికన్నా ప్రమాదం ఏమిటంటే, ఇద్దరు అడ్మిన్లు రెండు ఊళ్లలో ఒకే సమయంలో చెరొకర్ని చేర్చితే, ఆఖరున రాసినవాళ్ల జాబితా నిలిచి, రెండోవాళ్ల మార్పు చప్పుడు లేకుండా మాయమయ్యేది. విండోస్ సర్వర్ 2003 నుంచి ఒక్కో సభ్యత్వం విడివిడిగా నకలవుతుంది. ఇక మనిషి వైపు చూస్తే, ఒక్కరి టోకెన్‌లో గ్రూపులు సుమారు వెయ్యి దాటితే లాగిన్నే విఫలమవుతుంది. వెయ్యి గ్రూపుల్లో ఎవరుంటారని అనిపించవచ్చు. కంపెనీలు కలిసి, పాత డొమైన్ గుర్తింపులు కూడా ఖాతాకు అంటుకుని వచ్చిన చోట్ల ఉంటారు.

ఒక లాగిన్ ప్రయాణం

యూజర్ వీపీఎన్ సాఫ్ట్‌వేర్‌లో పేరు, పాస్‌వర్డ్ కొట్టగానే గేట్‌వే ఒక యాక్సెస్-రిక్వెస్ట్ కట్టి రేడియస్ సర్వర్‌కు పంపుతుంది. అందులో యూజర్ పేరు, గేట్‌వే చిరునామా వంటి గుణాలుంటాయి. పాస్‌వర్డును ఎండీ5తో, ఇద్దరికీ తెలిసిన రహస్య పదంతో కప్పుతారు, మిగతాదంతా బహిరంగమే. సర్వర్ డైరెక్టరీని సంప్రదించి యాక్సెస్-యాక్సెప్ట్, యాక్సెస్-రిజెక్ట్, లేదా ఇంకేదైనా అడగాలనుకుంటే యాక్సెస్-ఛాలెంజ్ తిప్పి పంపుతుంది. ఓటీపీ అడిగేది ఈ మూడోదాని ద్వారానే.

డైరెక్టరీని సంప్రదించే తీరులో రెండు దారులున్నాయి, వీటిని కలిపేసుకుంటే ఎక్కడికీ వెళ్లలేం. మొదటిది ఎల్‌డాప్ బైండ్: యూజర్ ఇచ్చిన పాస్‌వర్డుతో సర్వరే యూజర్ పేరు మీద డైరెక్టరీలోకి లాగిన్ కాబోతుంది, అయితే పాస్‌వర్డ్ సరైనదే. దీనికి పాస్‌వర్డ్ ఉన్నదున్నట్టు సర్వర్ చేతికి అందాలి. రెండోది ఛాలెంజ్ పద్ధతి: వైఫైలో విరివిగా వాడే పీఈఏపీ, ఎంఎస్-చాప్ వెర్షన్ 2 జంటలో పాస్‌వర్డ్ అసలు బయటకు రాదు, దాని హాష్‌తో చేసిన లెక్క మాత్రమే వస్తుంది. ఆ లెక్కను సరిచూడాలంటే యాక్టివ్ డైరెక్టరీలోని ఎన్‌టీ హాష్ కావాలి. ఎల్‌డాప్ బైండ్ దీనికి పనికిరాదు. లినక్స్ మీద ఫ్రీరేడియస్ నడిపేవాళ్లు సాంబా ద్వారా డొమైన్ కంట్రోలర్‌ను అడిగించేది ఇందుకే. కాబట్టి చాలా చోట్ల పాస్‌వర్డ్ సరిచూసేది ఒక దారిన, గ్రూపు చూసేది ఇంకో దారిన జరుగుతుంది. మొదటిది పనిచేస్తోంది కదా అని రెండోదీ పనిచేస్తున్నట్టు కాదు.

ఎంఎస్-చాప్ వెర్షన్ 2 బలం కూడా పాతబడింది. దాని రక్షణ మొత్తం ఒకే ఒక డెస్ తాళం చెవిని వెతికేంత కష్టానికి తగ్గిపోతుందని 2012లో మాక్సీ మార్లిన్‌స్పైక్, డేవిడ్ హల్టన్ నిరూపించారు. సర్టిఫికెట్లతో నడిచే ఈఏపీ-టీఎల్‌ఎస్ మేలని అప్పటి నుంచి చెబుతున్నారు. ఇక్కడ గ్రూపులకు సంబంధించిన ఒక వింత ముడి ఉంది. యాక్టివ్ డైరెక్టరీలో ‘ప్రొటెక్టెడ్ యూజర్స్’ అనే గ్రూపులో పెద్ద అధికారాలున్న ఖాతాలను చేర్చమంటారు. ఆ గ్రూపు సభ్యులకు ఎన్‌టీఎల్‌ఎం అనే పాత ధ్రువీకరణ పద్ధతి పనిచేయదు, ఎంఎస్-చాప్ దాని మీదే ఆధారపడింది. భద్రత కోసం గ్రూపులో చేర్చిన మర్నాడే ఆ అడ్మిన్‌కు వైఫై, వీపీఎన్ రెండూ పోతాయి.

ఎల్‌డాప్ బైండ్‌కు సొంత ఉచ్చులున్నాయి. పేరు ఇచ్చి పాస్‌వర్డ్ ఖాళీగా పంపితే, ప్రమాణం ప్రకారం అది గుర్తింపు లేని బైండ్. కొన్ని డైరెక్టరీలు దానికి ‘విజయం’ అని జవాబిస్తాయి. ఆ జవాబును గుడ్డిగా నమ్మిన సాఫ్ట్‌వేర్, ఖాళీ పాస్‌వర్డుతో ఎవరినైనా లోపలికి పంపేస్తుంది. ఖాళీ పాస్‌వర్డును డైరెక్టరీ దాకా పోనివ్వకుండా తామే ఆపాలని క్లయింట్లు రాసేవాళ్లకు 2006 నాటి ఆర్‌ఎఫ్‌సీ 4513 హెచ్చరిక చేసింది. యూజర్ పేరులో నక్షత్రం, బ్రాకెట్ల వంటి గుర్తులు వస్తే వాటిని నిర్వీర్యం చేయకుండా వెతుకులాట వాక్యంలో కలిపేయడం ఇంకో తప్పు.

గ్రూపు తేలాక దాన్ని గుమ్మం దగ్గరి పరికరానికి చెప్పాలి. రేడియస్‌లో గ్రూపు అనే గుణం లేదు కాబట్టి ఎవరికి తోచిన గుణాన్ని వాళ్లు వాడుకున్నారు. ఫిల్టర్-ఐడీ 11వ సంఖ్య, క్లాస్ 25, తయారీదారు సొంత గుణాలకు 26. సిస్కో ఏఎస్‌ఏ అనే వీపీఎన్ పరికరం క్లాస్ గుణంలో ‘ఓయూ’ అనే ముందుమాటతో విధానం పేరు కోసం ఎదురుచూస్తుంది. ఫోర్టినెట్ పరికరాలు తమ సొంత గుణంలో గ్రూపు పేరు కోరతాయి. స్విచ్‌లు, వైఫై అయితే వీలాన్, అంటే నెట్‌వర్క్‌లో ఒక విడి భాగం, కేటాయించడానికి మూడు గుణాలు కలిసి రావాలి: టన్నెల్ రకం 13, మాధ్యమం 6, ఆపైన వీలాన్ సంఖ్య. మూడింట్లో ఒకటి తప్పితే కొన్ని పరికరాలు యూజర్‌ను మామూలు వీలాన్‌లో పడేస్తాయి, ఇంకొన్ని కనెక్షనే ఇవ్వవు. క్లాస్ గుణాన్ని ప్రమాణం రాసినవాళ్లు ఉద్దేశించింది వేరే పనికి: సర్వర్ ఇచ్చిన చీటీని పరికరం తెరచి చదవకుండా లెక్కల సమాచారంతోపాటు తిప్పి పంపాలని. వాడుక దాన్ని ఇలా మలిచింది, ఇప్పుడు వెనక్కి తీసుకోలేరు.

వరుసలో ఎవరు ముందు

ఒక మనిషి ఒకే గ్రూపులో ఉంటే అంతా సజావే. అసలు ప్రశ్న రెండు మూడు గ్రూపుల్లో ఉన్నప్పుడు వస్తుంది. మైక్రోసాఫ్ట్ రేడియస్ సర్వర్ ఎన్‌పీఎస్ నియమాలను పైనుంచి కిందికి చూస్తూ, షరతులు సరిపోయిన మొదటి నియమం దగ్గర ఆగుతుంది. ఆ నియమంలో ఏదైనా ఆంక్ష తప్పితే నిరాకరించేస్తుంది తప్ప కింది నియమానికి వెళ్లదు. కాబట్టి ‘మొత్తం సిబ్బంది’ నియమం పైన, ‘అడ్మిన్లు’ కింద ఉంటే అడ్మిన్లకు ఎప్పటికీ సిబ్బంది స్థాయే దక్కుతుంది. ఏ నియమమూ సరిపోకపోతే కారణ సంఖ్య 48; పాస్‌వర్డ్ తప్పయితే 16. ఈ రెండు సంఖ్యల తేడా తెలిసినవాడు హెల్ప్‌డెస్క్‌లో సగం పని చేసినట్టే: మొదటిది గ్రూపు గొడవ, రెండోది మనిషి గొడవ.

వీపీఎన్ పరికరాన్ని నేరుగా ఎల్‌డాప్‌కు కలిపితే వరుస అడ్మిన్ చేతిలో ఉండకపోవచ్చు. సిస్కో ఏఎస్‌ఏలో మెంబర్‌ఆఫ్ విలువల్లో ఒకటికన్నా ఎక్కువ సరిపోతే అక్షరక్రమంలో ముందున్నది నెగ్గుతుంది. అంటే భద్రతా విధానాన్ని ఇంగ్లీషు అక్షరమాల నిర్ణయిస్తోందన్నమాట. ఈ కారణంగానే చాలామంది నేరు కలయిక మానుకుని మధ్యలో రేడియస్ సర్వర్ పెట్టుకుంటారు. ఆ నిర్ణయం సబబే. ఏ గ్రూపుకూ చెందనివారికి ఏమవుతుందో కూడా రాసిపెట్టుకోవాలి. ఏఎస్‌ఏ వాడేవారు మామూలు విధానంలో ఏకకాల లాగిన్ల సంఖ్యను సున్నా చేసి, గ్రూపు ఉన్నవారికి మాత్రమే వేరే విధానం ఇస్తారు. ఈ సున్నా పెట్టడం మరిచిపోతే డైరెక్టరీలో ఖాతా ఉన్న ప్రతివారికీ, ప్రింటర్ ఖాతాలతో సహా, వీపీఎన్ తెరిచినట్టే.

రెండు దారులు కలిసిన చోట ఎంత ప్రమాదమో ఫోర్టినెట్ వీపీఎన్‌లో బయటపడిన సీవీఈ-2020-12812 చూపిస్తుంది. యూజర్‌ను పరికరంలోనే నమోదుచేసి రెండో అంచె టోకెన్ తప్పనిసరి చేశారు. పాస్‌వర్డ్ మాత్రం ఎల్‌డాప్ చూస్తుంది. పరికరానికి పెద్దబడి, చిన్నబడి ఇంగ్లీషు అక్షరాలు వేర్వేరు, ఎల్‌డాప్‌కు ఒక్కటే. పేరులో ఒక అక్షరం మార్చి కొడితే పరికరం ‘ఈ పేరు నా దగ్గర లేదు’ అనుకుని, ఎల్‌డాప్ గ్రూపు నియమం వైపు తిరిగేది. అక్కడ గ్రూపు సరిపోయేది, టోకెన్ అడిగేవాళ్లు లేరు. దాడిచేసినవాళ్లు దీన్ని నిజంగానే వాడుకున్నారు.

పేరు మార్పుల సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. ఎన్‌పీఎస్ గ్రూపును దాని భద్రతా గుర్తింపు సంఖ్యతో గుర్తుపెట్టుకుంటుంది. పేరు మారినా ఇబ్బంది లేదు, కానీ గ్రూపును చెరిపి అదే పేరుతో మళ్లీ సృష్టిస్తే అది కొత్త గ్రూపే. ఎల్‌డాప్ మీద నడిచే పరికరాలు పూర్తి చిరునామాను చూస్తాయి. గ్రూపును ఒక విభాగం నుంచి ఇంకో విభాగానికి జరిపితే చాలు, వీపీఎన్ ఆగిపోతుంది. డైరెక్టరీ సర్దుబాటు చేసేవారికి నెట్‌వర్క్ బృందంతో మాటలు లేని సంస్థల్లో ఇది తరచు సోమవారం పొద్దున తెలుస్తుంది.

తీసేసిన తర్వాత

గ్రూపు నుంచి ఒకరిని తొలగిస్తే వెంటనే గెంటేసినట్టు కాదు. రేడియస్ ప్రశ్న అడిగేది లోపలికి వచ్చేటప్పుడే. అప్పటికే కలుపుకుని ఉన్న వీపీఎన్ సెషన్ తన గడువు దాకా నడుస్తుంది. దానికి తోడు, వేర్వేరు ఊళ్లలోని డొమైన్ కంట్రోలర్ల మధ్య మార్పులు చేరడానికి యాక్టివ్ డైరెక్టరీ మామూలు గడువు 180 నిమిషాలు. అడ్మిన్లు దీన్ని తగ్గించుకోవచ్చు, చాలామంది తగ్గించుకోరు. నడుస్తున్న సెషన్‌ను తెంచడానికి ఆర్‌ఎఫ్‌సీ 5176లో ఉపాయం ఉంది: సర్వరే పరికరానికి డిస్కనెక్ట్-రిక్వెస్ట్ పంపుతుంది, యూడీపీ 3799 పోర్టు మీద. ఉద్యోగిని తీసేసే రోజున గ్రూపు మార్పు, ఖాతా నిలిపివేత, సెషన్ తెంపడం మూడూ జరగాలి. మొదటి రెండూ చేసి మూడోది మరవడమే ఎక్కువ.

గ్రూపు మర్చిపోతే ఏమవుతుందో 2021 మేలో అమెరికా తూర్పు తీరం చూసింది. కలోనియల్ పైప్‌లైన్ మీద దాడిచేసినవాళ్లు వచ్చింది పాత వీపీఎన్ ఖాతా గుండా. అది వాడుకలో లేదనుకున్న ఖాతా, తెరిచే ఉంది. పాస్‌వర్డ్ బయట లీకై ఉంది, రెండో అంచె తనిఖీ లేదు. ఇంధన గొట్టం మే 7న మూతపడింది, సంస్థ సుమారు 44 లక్షల డాలర్లు చెల్లించింది. ఇందులో ఏ ప్రోటోకాలూ విరగలేదు. అర్హుల జాబితాను ఎవరూ తిరిగి చదవకపోవడమే లోపం.

పాత్రల ఆధారంగా అనుమతులివ్వాలన్న ఆలోచనకు 1992లో డేవిడ్ ఫెరాయోలో, రిచర్డ్ కున్ శాస్త్రీయ రూపం ఇచ్చారు. 2004లో అది అమెరికా ప్రమాణమైంది. కాగితం మీద అది పకడ్బందీగానే ఉంటుంది. ఆచరణలో మనిషి శాఖ మారినప్పుడు కొత్త గ్రూపు వస్తుంది, పాతది పోదు. చేరినప్పుడు అడిగేవారుంటారు, వెళ్లినప్పుడు హెచ్‌ఆర్ చెబుతుంది, మారినప్పుడు ఎవరికీ పట్టదు. గ్రూపుకు ఐటీ శాఖవారు కాక, ఆ పని చేయించుకునే విభాగాధికారి యజమానిగా ఉండాలని అనుభవజ్ఞులు పట్టుబట్టేది ఇందుకే. మూడు నెలలకోసారి ఆయన జాబితా చూసి సంతకం చేస్తే, చాలా ఖరీదైన సాఫ్ట్‌వేర్ చేయలేని పని అవుతుంది. గడువుతో సభ్యత్వం ఇచ్చే వీలు విండోస్ సర్వర్ 2016 నుంచి ఉంది: రెండు గంటలకు గ్రూపులో చేర్చితే గడువు తీరగానే డైరెక్టరీయే తీసేస్తుంది. గ్రూపులో గ్రూపు గుండా ఎవరు ఎక్కడిదాకా పోగలరో గీత గీసి చూపే బ్లడ్‌హౌండ్ అనే ఉపకరణం 2016లో వచ్చింది. దాడిచేసేవాళ్ల కోసం పుట్టిన ఆ ఉపకరణాన్ని ఇప్పుడు కాపలావాళ్లే ఎక్కువ మెచ్చుకుంటున్నారు.

భారతదేశంలో ఈ విషయానికి 2020 ఒక మలుపు. అంతకుముందు కాల్ సెంటర్లు, బీపీవోల వంటి సేవా సంస్థలు ఉద్యోగులతో ఇంటి నుంచి పనిచేయించాలంటే టెలికాం శాఖ షరతులు గట్టిగా ఉండేవి. మార్చిలో వాటిని సడలించారు, 2020 నవంబరు 5 నాటి మార్గదర్శకాలతో చాలా వరకు తీసేశారు. హైదరాబాద్‌లో, విశాఖలో ఆఫీసులకు తాళాలు పడ్డాక, అప్పటిదాకా కొందరికే పరిమితమైన వీపీఎన్ గ్రూపుల్లో అందరినీ చేర్చాల్సి వచ్చింది. 2022 ఏప్రిల్ 28న కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ ఇచ్చిన ఆదేశాల ప్రకారం సంస్థలు తమ వ్యవస్థల లాగ్‌లను 180 రోజులు దేశంలోనే భద్రపరచాలి, సంఘటనలను ఆరు గంటల్లో తెలియజేయాలి. రేడియస్ లెక్కల భాగం ఇక్కడ అక్కరకొస్తుంది. కానీ లాగ్‌లో ఉండేది ఆనాడు ఇచ్చిన అనుమతే, ఆనాడు గ్రూపులో ఎవరెవరున్నారన్నది కాదు. దానికి డైరెక్టరీ మార్పుల లాగ్ వేరే దాచుకోవాలి.

సంస్థ దాటితే

గ్రూపు సొంత సంస్థ గోడల మధ్యే చెల్లుతుంది. విశ్వవిద్యాలయాల మధ్య వైఫై పంచుకునే ఎడ్యురోమ్ ఇందుకు మంచి ఉదాహరణ. నెదర్లాండ్స్‌లోని సర్ఫ్‌నెట్‌కు చెందిన క్లాస్ వీరెంగా 2002లో ప్రతిపాదించిన ఈ ఏర్పాటులో, విద్యార్థి ఏ దేశంలో ఉన్నా ధ్రువీకరణ తన సొంత విశ్వవిద్యాలయమే చేస్తుంది. యూజర్ పేరులో ‘ఎట్’ గుర్తు తర్వాతి భాగం చూసి రేడియస్ సర్వర్లు ప్రశ్నను అంచెలంచెలుగా అక్కడికి చేరుస్తాయి. భారతదేశంలో దీన్ని నడిపేది ఎర్నెట్. కానీ ఆ మనిషిని ఏ వీలాన్‌లో పెట్టాలన్నది ఆతిథ్యమిచ్చే క్యాంపస్ నిర్ణయం. ఇంటి సర్వర్ పంపిన వీలాన్ గుణాలను సరిహద్దు దగ్గరే చెరిపేయడం మంచి అలవాటు. లేదంటే ఎక్కడో పరాయి ఊరి ‘20వ వీలాన్’ ఇక్కడి పరీక్షల విభాగం వీలాన్ కావచ్చు.

అంచెల మధ్య రక్షణకు రేడియస్‌ను టీఎల్‌ఎస్‌లో పంపే పద్ధతి 2012లోనే ఆర్‌ఎఫ్‌సీ 6614గా వచ్చింది. సంస్థల లోపల మాత్రం బహిరంగ యూడీపీయే రాజ్యమేలింది. 2024 జులైలో బ్లాస్ట్‌రేడియస్ దాడి వెలువడ్డాకగాని కదలిక రాలేదు. మధ్యలో కూర్చున్నవాడు ఎండీ5 బలహీనతతో యాక్సెస్-రిజెక్ట్‌ను యాక్సెస్-యాక్సెప్ట్‌గా మార్చగలడని పరిశోధకులు చూపించారు. ఈఏపీ వాడే వైఫైకి ఈ ముప్పు లేదు, మామూలు పాస్‌వర్డ్ పద్ధతుల వీపీఎన్‌లకు ఉంది. ప్రతి ప్యాకెట్‌లో మెసేజ్-ఆథెంటికేటర్ అనే 80వ గుణం తప్పనిసరి చేయడం తక్షణ మందు.

క్లౌడ్ వచ్చాక వీపీఎన్ గేట్‌వేలు రేడియస్‌ను పక్కనపెట్టి సామెల్, ఓపెన్‌ఐడీ కనెక్ట్ వైపు మళ్లుతున్నాయి. వీటిలో గ్రూపుల జాబితా టోకెన్‌లోనే ప్రయాణిస్తుంది, అనువాదం బాధ తగ్గుతుంది. బదులుగా టోకెన్ బరువు సమస్య వచ్చింది. 2023లో పేరు మారిన మైక్రోసాఫ్ట్ ఎంట్రా ఐడీలో సామెల్ టోకెన్‌కు 150, జేసన్ టోకెన్‌కు 200 గ్రూపులు హద్దు. అది దాటితే జాబితా అసలు రాదు, ఎక్కడ అడగాలో చెప్పే చిరునామా వస్తుంది. అక్కడికి వెళ్లి అడగడం తెలియని గేట్‌వే ఆ మనిషికి ఏ గ్రూపూ లేదనుకుంటుంది. దెబ్బతినేది నిన్న చేరిన ఉద్యోగి కాదు, పదేళ్లుగా గ్రూపులు పోగేసుకున్న సీనియర్. ఆ అప్లికేషన్‌కు కేటాయించిన గ్రూపులను మాత్రమే టోకెన్‌లో పెట్టే అమరిక ఉంది, దాన్ని అడ్మిన్ తానుగా వెతికి ఆన్ చేయాలి. అయితే ఆ అమరికలో లోపలి గ్రూపులు లెక్కలోకి రావు.